బడ్జీల గుడ్లు, పిల్లల సంరక్షణ: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

వానలు మొదలైనప్పటి నుంచి ఈ శీర్షికకు బడ్జీల గురించిన ఉత్తరాలు ఎక్కువగా వస్తున్నాయి. మన ఊళ్లలో లవ్ బర్డ్స్ అనే పేరుతో అమ్మే రంగురంగుల చిన్న చిలుకలు చాలావరకు ఇవే. ఒకే విషయాన్ని అడిగిన ఉత్తరాలను కలిపి, ఈ నెల గుడ్లకు, పిల్లల పెంపకానికి సంబంధించిన ప్రశ్నలకు మాత్రమే జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. దుకాణంలో ఒకే పంజరం నుంచి ఒక జంటను తెచ్చుకున్నాం. వయసు ఏడు నెలలు ఉంటుందని చెప్పారు. ఒకటి రెండోదానికి నోటితో మేత అందిస్తోంది. గుడ్లు పెట్టడానికి వెంటనే పంజరంలో గూడుగా కుండ కట్టమని మిత్రులు అంటున్నారు. కట్టవచ్చా? (ఒక ఉపాధ్యాయుడు, కర్నూలు)

జవాబు: ఇప్పుడే కట్టకండి. బడ్జీలు అయిదారు నెలలకే జతకట్టగలవన్న మాట నిజమే కానీ, ఆడపక్షి శరీరం గుడ్ల భారాన్ని తట్టుకోవడానికి పది నుంచి పన్నెండు నెలల వయసు రావాలి. గుడ్డు పెంకుకు కావలసిన కాల్షియంలో కొంత ఆమె తన ఎముకల నుంచే తీసి ఇస్తుంది. ఎదుగుదల పూర్తికాని పక్షి దగ్గర ఆ నిల్వ ఉండదు, కాబట్టి తొందరపడిన ఇళ్లలోనే మొదటి గుడ్డుకు ఆడపక్షి ప్రాణం పోవడం, పెట్టిన గుడ్లను అది వదిలేయడం ఎక్కువగా కనిపిస్తాయి.

ముందుగా మీ దగ్గర ఉన్నది నిజంగా ఆడ, మగ జంటేనా అన్నది చూసుకోండి. ముక్కుకు పైన, ముక్కు రంధ్రాలు ఉండే మెత్తని భాగం ఎదిగిన మగపక్షికి నీలంగా ఉంటుంది. ఆడపక్షికి తెల్లటి లేత గోధుమరంగులో ఉండి, గుడ్లు పెట్టే దశకు వచ్చినప్పుడు ముదురు గోధుమరంగుకు మారి గరుకుగా అవుతుంది. పూర్తి పసుపు, పూర్తి తెలుపు రంగుల్లో ఉండే ఎర్రకళ్ల పక్షుల్లో మాత్రం మగదానికి ఆ భాగం గులాబి రంగులోనే ఉండిపోతుంది. ఒకదానికొకటి నోటితో మేత అందించుకోవడం స్నేహానికి గుర్తే తప్ప జంట అనడానికి రుజువు కాదు. రెండు మగపక్షులు కూడా అలా చేస్తాయి. ఒకే పంజరం నుంచి తెచ్చారు గనుక అవి ఒకే తల్లి పిల్లలు అయ్యే అవకాశమూ ఉంది. అనుమానం ఉంటే వేరే చోటి నుంచి మరో పక్షిని తెచ్చి, కనీసం ముప్పై రోజులు విడిగా ఉంచి, ఆరోగ్యంగా ఉందని తేలాక జత చేయండి.

ఇక కాలం సంగతి. బడ్జీల సొంత దేశం ఆస్ట్రేలియా. ఆ ఖండం నడిబొడ్డున ఉండే పొడినేలల్లో ఇవి గుంపులుగా తిరుగుతూ, వాన పడి గడ్డి గింజ పట్టినప్పుడు చెట్టు తొర్రల్లో గుడ్లు పెడతాయి. జాన్ గౌల్డ్ అనే పక్షి శాస్త్రవేత్త 1840లో బతికున్న బడ్జీలను ఇంగ్లండుకు తీసుకువచ్చిన నాటి నుంచి ఇవి మనుషుల ఇళ్లలో తరతరాలుగా పెరుగుతున్నా, మేత పుష్కలంగా దొరికి వాతావరణం అనుకూలించినప్పుడే పిల్లల్ని కనే స్వభావం మాత్రం మారలేదు. మన రెండు రాష్ట్రాల్లో వానలతో ఎండ తగ్గిన తర్వాత, అంటే ఆగస్టు నుంచి చలికాలం చివరి వరకు మంచి కాలం. మొదటి గుడ్డు నుంచి ఆఖరి పిల్ల సొంతంగా తినేవరకు దాదాపు రెండున్నర నెలలు పడుతుంది కాబట్టి జనవరి మొదటివారం దాటాక కొత్తగా గుడ్లకు అవకాశం ఇవ్వకూడదు. ఏప్రిల్, మే నెలల్లో మీ కర్నూలు ఎండకు మూసి ఉన్న గూటిలో అయిదారు పిల్లలు ఒకదానిమీద ఒకటి పడుకుంటే వడదెబ్బతోనే చనిపోతాయి.

కుండ మంచిదా, చెక్కపెట్టె మంచిదా అని చాలామంది అడిగారు. కుండ చవక, చల్లగానూ ఉంటుంది; కానీ లోపల ఏం జరుగుతోందో చూడటానికి, శుభ్రం చేయడానికి వీలుండదు. అందుకే నేను చెక్కపెట్టెకే ఓటు వేస్తాను. సుమారు 20 సెంటీమీటర్ల పొడవు, 15 వెడల్పు, 15 నుంచి 20 ఎత్తు, ప్రవేశానికి 5 సెంటీమీటర్లకు మించని రంధ్రం, పైన గానీ పక్కన గానీ తెరిచే తలుపు ఉంటే చాలు. అడుగు చెక్క నున్నగా ఉండకూడదు. మధ్యలో గిన్నెలా లోతుగా చెక్కించి, పైన రంధ్రపు మట్టానికి రానంతగా శుభ్రమైన, పొడి రంపపు పొట్టు పరచండి. ఒకే పంజరంలో రెండు మూడు జంటలు ఉంటే పెట్టెల సంఖ్య జంటల సంఖ్యకన్నా ఎక్కువ ఉండాలి, అన్నీ ఒకే ఎత్తులో కట్టాలి. లేకపోతే ఆడపక్షులు పై గూటికోసం ఒకదాని గుడ్లను మరొకటి పగలగొట్టేదాకా పోట్లాడుకుంటాయి.

ప్రశ్న: కిందటి చలికాలం మా ఆడపక్షి గుడ్డు బయటికి రాక ఒక్క రాత్రిలో చనిపోయింది. ఇప్పుడున్న పక్షికి అలా జరగకుండా ఏం చేయాలి? కొర్రలు మాత్రమే వేస్తున్నాం. (ఒక గృహిణి, విజయవాడ)

జవాబు: మీ బాధ అర్థమైంది. గుడ్డు అడ్డం పడటానికి వయసు చాలకపోవడం, కాల్షియం లోపం, చలి, వరసగా గుడ్లు పెట్టించడం, కొవ్వు పట్టడం ప్రధాన కారణాలు. వీటిలో మన చేతిలో ఉన్నది ముఖ్యంగా మేత.

కొర్రలు మంచి గింజలే. కానీ కిరాణా కొట్లో దొరికే, పొట్టు తీసిన కొర్ర బియ్యం కాకుండా పొట్టుతో ఉన్న గింజలే వేయాలి. బడ్జీలు పొట్టును తామే ఒలుచుకుంటాయి. గింజలు ఎన్ని రకాలు కలిపినా వాటిలో కాల్షియం, ఎ విటమిన్, అయొడిన్ చాలినంత ఉండవు. అందువల్ల గూడు కట్టడానికి కనీసం నెల ముందు నుంచే సముద్రపు నురుగు ముక్కను, అంటే దుకాణాల్లో కటిల్ బోన్ పేరుతో అమ్మే తెల్లని పలకను పంజరంలో ఎప్పుడూ ఉంచండి. అయొడిన్ కలిపిన ఖనిజపు దిమ్మెనూ వేలాడదీయండి. మునగాకు, మెంతికూర, కొత్తిమీర, తురిమిన క్యారెట్ రోజూ కొద్దిగా ఇవ్వండి. పాలకూర మాత్రం అరుదుగా, కొంచెమే. అందులోని ఆగ్జలేట్లు కాల్షియం ఒంటబట్టకుండా అడ్డుకుంటాయి. ఉడికించిన కోడిగుడ్డును మెత్తగా తరిగి వారానికి రెండుసార్లు, పిల్లలు పుట్టాక రోజూ పెట్టి, రెండు గంటల తర్వాత మిగిలినదాన్ని తీసేయండి. కాల్షియం ఒంటబట్టాలంటే డి విటమిన్ కావాలి, కాబట్టి ఉదయపు లేత ఎండ నేరుగా పంజరంమీద కొంతసేపు పడేలా చూడండి. గాజు కిటికీ లోంచి వచ్చే ఎండ ఇందుకు పనికిరాదు. నీడలోకి జరగడానికి చోటు కూడా ఉండాలి.

గుడ్డు అడ్డం పడ్డ పక్షి ఈకలు ఉబ్బించుకుని పంజరం అడుగున కూర్చుంటుంది, తోక ఎగరేస్తూ ముక్కుతుంది, పొట్ట కింది భాగం ఉబ్బి కనిపిస్తుంది, ఊపిరి కష్టంగా తీస్తుంది. ఈ లక్షణాలు కనిపిస్తే తెల్లవారేదాకా వేచి చూడకండి. చిన్న అట్టపెట్టెలో మెత్తని బట్ట పరిచి, సుమారు 30 డిగ్రీల వెచ్చదనం, కాస్త తేమ ఉండేలా చూసి, పక్షుల వైద్యం తెలిసిన పశువైద్యుల దగ్గరికి వెంటనే తీసుకువెళ్లండి. పొట్ట నొక్కి గుడ్డును బయటికి తోసే ప్రయత్నం ఎవరు చెప్పినా చేయవద్దు. లోపల గుడ్డు పగిలితే పక్షి దక్కడం చాలా కష్టం.

ప్రశ్న: మా బడ్జీ అయిదు గుడ్లు పెట్టింది. ఇరవై రోజులైంది, రెండే పిల్లలయ్యాయి. మిగిలినవి పాడైనట్టేనా? గూటిలో చెయ్యి పెడితే తల్లి పిల్లల్ని వదిలేస్తుందని ఇంట్లో పెద్దలు అంటున్నారు. (ఒక విద్యార్థిని, హనుమకొండ)

జవాబు: పాడైనట్టు కాదమ్మా. బడ్జీ రోజు విడిచి రోజు ఒక్కో గుడ్డు పెడుతుంది. మొదటిదో రెండోదో పెట్టగానే పొదగడం మొదలుపెడుతుంది. ఒక్కో గుడ్డు పిల్ల కావడానికి సుమారు 18 రోజులు కావాలి. మొదటి గుడ్డు పెట్టి 20 రోజులైతే మీ అయిదో గుడ్డు పెట్టి 12 రోజులే అయింది. కాబట్టి పిల్లలు కూడా రోజు విడిచి రోజు పుడతాయి. ప్రతి గుడ్డుకూ అది పెట్టిన రోజు నుంచి 22 రోజులు దాటేవరకు గడువు ఇవ్వండి. ఇకముందు గుడ్లపై మెత్తని స్కెచ్ పెన్నుతో చిన్న అంకె వేసుకుంటే లెక్క తప్పదు. పొదగడం మొదలైన వారానికి చీకటి గదిలో చిన్న టార్చి వెలుగు గుడ్డుకు ఆనించి చూస్తే జీవమున్న గుడ్డులో ఎర్రని సన్నటి నరాలు సాలెగూడులా కనిపిస్తాయి. ఏమీ లేకుండా పసుపుగా, తేటగా ఉంటే అది ఫలించనిది. అటువంటి గుడ్డు ఒకటి రెండు ఉన్నా వెంటనే తీయనక్కరలేదు, పసిపిల్లలు ఒరగడానికి ఆసరాగా ఉంటాయి. పెంకుకు పగులు కనిపించాక పిల్ల ఎంత ఆలస్యం చేస్తున్నా మనం ఒలవకూడదు. బయటికి వచ్చే ముందు చివరి గంటల్లోనే అది పచ్చసొనను, పెంకు లోపలి రక్తనాళాల్లోని రక్తాన్ని తన ఒంట్లోకి పీల్చుకుంటుంది.

మనిషి చెయ్యి తగిలితే తల్లి పిల్లల్ని వదిలేస్తుందన్న మాట బడ్జీల విషయంలో నిజం కాదు. మీకు అలవాటుపడిన పక్షి అయితే, తల్లి మేతకు బయటికి వచ్చిన సమయంలో, శుభ్రంగా కడుక్కున్న చేతులతో రోజుకు ఒకసారి చూడటం మంచిదే కాదు, అవసరం కూడా. అయితే టార్చి వెలుగుతో గంటకోసారి తొంగిచూడటం, చుట్టాలను పిలిచి చూపించడం వద్దు.

చూసినప్పుడు గమనించవలసింది మెడ కింద ఉండే మేత తిత్తిని. పుట్టినప్పుడు పిల్ల బరువు రెండు గ్రాములు ఉంటుంది. కళ్లు తెరవదు, ఒంటిమీద ఈక ఉండదు. మొదటి రోజుల్లో తల్లి తన జీర్ణాశయంలో తయారయ్యే పాలవంటి ద్రవాన్ని అందిస్తుంది. తిత్తి నిండుగా కనబడితే మీరు చేయవలసిందేమీ లేదు. చిన్నదాని తిత్తి వరసగా రెండుసార్లు ఖాళీగా కనిపిస్తే, అన్నిటికన్నా పెద్ద పిల్లను అదే ఈడు పిల్లలున్న మరో గూటికి మార్చండి. బడ్జీలు సాధారణంగా పరాయి పిల్లను కాదనవు. ఏడెనిమిది రోజుల నుంచి కళ్లు తెరుచుకుంటాయి, రెండో వారానికి నూగుతోపాటు ముల్లులాంటి ఈక మొలకలు వస్తాయి, మూడో వారానికి రంగు తెలుస్తుంది, 30 నుంచి 35 రోజుల మధ్య గూడు విడుస్తాయి. అప్పటికి బరువు 30 గ్రాములు దాటుతుంది. ఇంత వేగంగా పెరిగే ప్రాణికి ఒక్క పూట మేత తప్పినా పెద్ద దెబ్బే.

పిల్లలు పుట్టిన పది రోజుల తర్వాత రెట్ట విపరీతంగా పేరుకుంటుంది. రెండు మూడు రోజులకోసారి పిల్లలను మెత్తని బట్ట పరిచిన గిన్నెలోకి తీసి, తడిసిన పొట్టు మార్చి, వెంటనే తిరిగి పెట్టేయండి. కాలివేళ్లకు, ముక్కు లోపలి అంగిలికి రెట్ట గానీ మేత గానీ గట్టిగా అంటుకుపోతే గోరువెచ్చని నీటిలో ముంచిన దూదితో నానబెట్టి తీయాలి. అలాగే వదిలేస్తే గోళ్లు ఊడిపోతాయి, ముక్కు వంకర పెరుగుతుంది. శుభ్రం చేసేటప్పుడు మీరు ముక్కుకు గుడ్డ కట్టుకోండి, ఎండిన రెట్ట దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు.

మన ఇళ్లలో పిల్లలకు చీమలు పెద్ద శత్రువులు. రాత్రికి రాత్రి గూటికి చీమలు పట్టి పిల్లలన్నీ పోయిన ఇళ్లున్నాయి. పంజరం స్టాండు కాళ్లను నీళ్ల గిన్నెల్లో పెట్టండి, పురుగుమందు చల్లకండి. దోమల చుట్టల పొగ, అగరుబత్తి పొగ, మాడిన నాన్‌స్టిక్ పెనం నుంచి వచ్చే వాయువు పక్షుల ఊపిరితిత్తులకు విషం. మూడోది నిమిషాల్లో ప్రాణం తీయగలదు. దీపావళి నాడు పంజరాన్ని లోపలి గదిలోకి మార్చి, ఒక చిన్న దీపం వెలిగించి ఉంచితే తల్లి బెదిరి గుడ్లు వదలకుండా ఉంటుంది.

ప్రశ్న: పన్నెండు రోజుల పిల్లకు రెండు కాళ్లూ పక్కలకు విచ్చుకుపోయాయి. బాగవుతాయా? (కాకినాడ)

జవాబు: ఈ వయసులో బాగయ్యే అవకాశం బాగానే ఉంది, కానీ ఆలస్యం చేయకండి. అడుగు నున్నగా ఉండి కాలు నిలదొక్కుకోలేకపోవడం, తల్లి మరీ అదిమి కూర్చోవడం, కాల్షియం చాలకపోవడం దీనికి కారణాలు. రెండు కాళ్లనూ సహజంగా ఉండవలసిన ఎడంలో, చర్మానికి అంటుకోని మెత్తని వైద్య టేపుతో కలిపి కడతారు. మొదటిసారి పశువైద్యుల చేత కట్టించుకుని పద్ధతి నేర్చుకోండి. పిల్ల రోజురోజుకూ పెరుగుతుంది గనుక టేపు బిగుసుకోకుండా రెండు మూడు రోజులకోసారి మార్చాలి. మూడు వారాలు దాటాక ఎముక గట్టిపడి, సరిచేయడం కష్టమవుతుంది. గూటి అడుగున పొట్టు మందంగా పరవడం మాత్రం ఈరోజే చేయండి.

ప్రశ్న: తల్లి చనిపోయింది. నాలుగు పిల్లలు, పెద్దదానికి పదిహేను రోజులు. ఆవుపాలు, పసిపిల్లలకు పెట్టే సీరియల్ పొడి కలిపి పట్టమని దుకాణదారు చెప్పారు. సరైనదేనా? (ఒక పాఠకుడు, నల్గొండ)

జవాబు: సరైనది కాదు. పక్షులకు పాలలోని చక్కెరను అరిగించుకునే శక్తి లేదు. పాలు, పాలపొడి కలిసిన ఆహారం తిత్తిలో పులిసి విరేచనాలకు దారితీస్తుంది.

మొదట తండ్రి ఏం చేస్తున్నాడో చూడండి. తల్లి లేకపోయినా పిల్లలకు మేత అందించి పెంచే తండ్రులు చాలా ఉన్నాయి. అది మేత పెడుతుంటే గూటికి వెచ్చదనం మాత్రమే మీరు చూసుకుంటే సరిపోతుంది. రెండో మార్గం పిల్లలను మరో జంట గూటికి మార్చడం. ఈ రెండూ కుదరనప్పుడే చేతితో పెట్టడానికి పూనుకోండి. సరదాగా మచ్చిక చేసుకోవడానికి తల్లి దగ్గర ఉన్న పిల్లలను తీసి చేతితో పెంచే పద్ధతిని నేను ఏమాత్రం సమర్థించను. గూడు విడిచాక రోజూ చేతిమీద మేత పెట్టినా అవి చక్కగా మచ్చికవుతాయి.

చేతితో పెట్టవలసివస్తే చిలుక జాతి పిల్లల కోసం తయారుచేసిన హ్యాండ్ ఫీడింగ్ పొడినే వాడండి. పొట్లంమీద చెప్పిన పాళ్లలో కాచిన నీటితో కలిపి, వేడిని థర్మామీటరుతో కొలిచి, 38 నుంచి 40 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు పెట్టాలి. అంతకన్నా వేడైతే తిత్తి లోపల కాలుతుంది, చల్లగా ఉంటే పిల్ల తినదు, తిన్నా అరగదు. పిల్లను వెల్లకిలా పట్టుకోకుండా నిటారుగా కూర్చోబెట్టి, చిన్న చెంచాతో గానీ సూది లేని సిరంజితో గానీ, అది మింగుతున్నంత మాత్రమే నెమ్మదిగా అందించండి. ముక్కు రంధ్రాల్లోంచి మేత బయటికి వస్తే వెంటనే ఆపండి, అది ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. మీ పిల్లల వయసుకు మూడు నాలుగు గంటలకోసారి, ఈకలు నిండాక రోజుకు నాలుగుసార్లు చాలు. తిత్తి దాదాపు ఖాళీ అయ్యాకే మళ్లీ పెట్టాలి. రాత్రి గడిచాక తెల్లవారేసరికి పూర్తిగా ఖాళీ కావాలి. కాకపోతే ఇన్ఫెక్షన్ అనుకుని వైద్యులకు చూపించండి. అప్పుడే పుట్టిన పిల్లకు 35, 36 డిగ్రీల వేడి కావాలి. రెండో వారానికి 32, ఈకలు వచ్చేకొద్దీ 27 వరకు తగ్గించవచ్చు. బల్బు పెడితే ఒక మూలకే పెట్టండి, వేడెక్కిన పిల్ల దూరం జరగడానికి చోటుండాలి.

ప్రశ్న: తల్లిదండ్రులిద్దరూ ఆకుపచ్చ. ఒక పిల్ల నీలం. ఎలా? (గుంటూరు)

జవాబు: బడ్జీల్లో ఆకుపచ్చ రంగు నీలాన్ని కప్పేస్తుంది. మీ జంటలో రెండింటికీ నీలం లక్షణం దాగి ఉంది. అలాంటి జంటకు ప్రతి గుడ్డులోనూ నీలం పిల్ల వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. మామూలు రంగు తల్లిదండ్రులకు ఎర్రకళ్లతో పూర్తి పసుపు పిల్ల పుడితే అది దాదాపు ఎప్పుడూ ఆడదే.

ప్రశ్న: పిల్లలు ఇంకా గూటిలో ఉండగానే తల్లి వాటి వీపు ఈకలు పీకేస్తూ మళ్లీ గుడ్లకు సిద్ధమవుతోంది. ఇప్పటికి ఈ ఏడాది రెండు విడతలైంది. గూడు తీసేస్తే తల్లి బాధపడుతుందా? (ఒక పాఠకురాలు, నిజామాబాద్)

జవాబు: గూడు తీయకపోతేనే తల్లికి ప్రమాదం. మేత, వెచ్చదనం, గూడు మూడూ ఉన్నంతకాలం బడ్జీ ఆపకుండా గుడ్లు పెడుతూనే ఉంటుంది, ఆపవలసింది మనమే. ఏడాదికి రెండు విడతలు చాలు, ఆ తర్వాత కనీసం ఆరు నెలల విశ్రాంతి ఇవ్వాలి. నాలుగేళ్లు దాటిన ఆడపక్షికి అసలు గూడు కట్టకపోవడం మేలు.

ఈకలు పీకడం తల్లి తర్వాతి గుడ్లకు చోటు చేసుకోవాలన్న తొందరలో చేసే పని. ఈకలు తిరిగి వస్తాయి, కానీ నెత్తురు వచ్చేలా పొడిస్తే అదే రోజు తల్లిని పక్క పంజరంలోకి మార్చి, పిల్లలను తండ్రి సంరక్షణలో ఉంచండి. నెల దాటిన పిల్లలకు తండ్రి ఒక్కడే మేత పెట్టగలడు. వీపుమీద కాకుండా రెక్కల, తోక పొడవాటి ఈకలు రెండు పక్కలా వాటంతట అవే ఊడి, పిల్లలు ఎగరలేక నేలమీద పరుగెడుతుంటే మాత్రం సంగతి వేరు; అది సాధారణంగా పాలియోమా వంటి వైరస్ వల్ల వస్తుంది. అప్పుడు ఆ ఇంట్లో పిల్లల్ని చేయించడం పూర్తిగా ఆపి, పక్షులను బయటికి ఇవ్వకుండా, కొత్తవాటిని తేకుండా వైద్యులను సంప్రదించాలి.

పిల్లలు బయటికి వచ్చాక గూడు తీసి, పంజరాన్ని కడిగి, బొమ్మల అమరిక మార్చండి. కోడిగుడ్డు, మొలకలు తగ్గించి మామూలు గింజలకు, ఆకుకూరలకు రండి. గూడు లేకపోయినా తల్లి పంజరం అడుగున గుడ్డు పెడితే, దాన్ని వెంటనే తీసేస్తే బదులుగా మరొకటి పెడుతుంది. విసుగు వచ్చి తనే వదిలేసేవరకు అక్కడే ఉంచండి. ఆరు వారాలకు పిల్లలు సొంతంగా తినడం నేర్చుకుంటాయి, కానీ ముక్కుతో గింజలను కదిలించినంత మాత్రాన తిన్నట్టు కాదు. గిన్నెలో పొట్టు మిగులుతోందా, సాయంత్రానికి తిత్తి నిండుతోందా అని వరసగా కొన్ని రోజులు చూసి, ఏడెనిమిది వారాలు నిండాకే తండ్రి నుంచి వేరుచేయండి. ఎవరికైనా ఇస్తే ఒంటరిగా కాక రెండేసి ఇవ్వండి, అలవాటుపడిన గింజలు వారానికి సరిపడా వెంట పంపండి.